యాభై ఎనిమిది ముక్కలూ విప్పేయాలా?

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. పుట్టి పెరిగింది పాలకొల్లు దగ్గర. చిన్నప్పుడు లేసు అల్లాను. పెళ్లయ్యాక మావారి రైల్వే ఉద్యోగం వల్ల పదహారేళ్లు ఝాన్సీ, భోపాల్‌లో ఉన్నాం. స్వెటర్లు అల్లడం అక్కడే నేర్చుకున్నాను. అప్పటి నుంచి మిగిలిన ఊలు ట్రంకు పెట్టెలో మూడు కిలోల దాకా పోగయింది. దాంతో కెనడాలో ఉన్న మా అమ్మాయికి పెద్ద దుప్పటి చేద్దామనుకున్నాను. 8వ నంబరు సూదులతో, ముక్కకు 32 కుట్లు, 64 వరసలు చొప్పున 58 చదరపు ముక్కలు అల్లాను. మొన్న మంచం మీద పరిస్తే ఒకదాని పక్కన ఒకటి కుదరడం లేదు. కొన్ని అయిదున్నర అంగుళాలు, కొన్ని ఆరు, లావు ఊలువి ఏడు. మావారు చూసి "ఎందుకీ శ్రమ, ఎవరికైనా ఇచ్చెయ్" అన్నారు. అన్నీ విప్పేసి మళ్లీ అల్లనా? మావారి పాత స్వెటర్ ఒకటి విప్పితే ఇందులో పనికొస్తుందా? ముక్కలన్నిటినీ ఏ రంగుతో కలపాలి? అక్టోబరులో అమ్మాయి దగ్గరికి వెళ్లాలి. టెన్షన్‌గా ఉంది.
(పేరు రాయవద్దన్న పాఠకురాలు, సికింద్రాబాద్)

సమాధానం:

అక్కా (మీకంటే నాలుగేళ్లు చిన్నదాన్ని, అందుకే ఈ చనువు), విప్పకండి. ఒక్క ముక్క కూడా విప్పొద్దు. మీరు అల్లిన ప్రతి ముక్కలో రెండు వేలకు పైగా కుట్లున్నాయి. 58 ముక్కలంటే లక్షా పద్దెనిమిది వేలు. అంత పని వెనక్కి తిప్పాల్సినంత తప్పు ఇక్కడ ఏమీ జరగలేదు.

జరిగిందల్లా ఒకటే. మీరు కుట్లు లెక్కపెట్టారు, కొలత చూడలేదు. స్వెటర్‌కి అది సరిపోతుంది. ఒకే ఊలు, ఒకే సూది, ఒకే చేయి కాబట్టి కుట్లు సరిగ్గా ఉంటే కొలత దానంతటదే వస్తుంది. మిగులు ఊలు అలా కాదు. పాపాయి టోపీకి కొన్న సన్న ఊలు, స్కూలు స్వెటర్ ఊలు, మంకీ క్యాప్ అల్లిన లావు ఊలు, మూడింటికీ 32 కుట్లు వేస్తే మూడు కొలతలే వస్తాయి. మిగులు ఊలుతో దుప్పటి చేసేటప్పుడు కుట్లు ఎన్నయినా ఉండనివ్వండి, స్కేలు పెట్టి చూస్తే మాత్రం అన్నీ ఒకటే ఉండాలి. ఇకపై అల్లే ముక్కలకు ఇది పట్టుకుంటే చాలు. అల్లేసినవాటికి వేరే దారి ఉంది, చెబుతాను.

దానికంటే ముందు ఒక పని చేయాలి. దయచేసి దీన్ని వాయిదా వేయొద్దు. ఆ ముక్కల్లో ఏది అసలు ఉన్ని, ఏది ఆక్రిలిక్ అని తేల్చాలి. మన దగ్గర షాపుల్లో ఊలు పేరుతో అమ్మేది చాలావరకు ఆక్రిలిక్కే. కానీ మీరు ఉన్నది ఉత్తరాదిలో, అదీ ఎన్నో ఏళ్ల కిందట. అసలు ఉన్ని కూడా మీ పెట్టెలో చేరే ఉంటుంది. మీ అమ్మాయి దుప్పటిని మెషీన్‌లో వేసి ఉతుకుతుంది, డ్రయ్యర్‌లో ఆరేస్తుంది. అక్కడ చాలామంది చేసేది అదే, మనం కాదనలేం. ఆక్రిలిక్ దాన్ని తట్టుకుంటుంది. మామూలు ఉన్ని తట్టుకోదు. వేడి నీళ్లు, రాపిడి తగిలితే దాని పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని, దగ్గరపడి, నమదాలా (ఉన్నిని ఒత్తి చేసే దళసరి పట్టలా) గట్టిపడిపోతాయి. ఆ తర్వాత ఎంత లాగినా తిరిగి రాదు.

నాకిది అనుభవం మీద తెలిసింది. నేను చేసిన మొదటి దుప్పటిలో నడిమధ్య రెండు పట్టీలు అసలు ఉన్నివి పడ్డాయి. అప్పటికి తేడా చూడాలని నాకు ఎవరూ చెప్పలేదు. ఒక్కసారి మెషీన్‌లో వేడి నీళ్ల ఉతుకు పడేసరికి ఆ రెండు పట్టీలూ ముడుచుకుపోయి, చుట్టూ ఉన్నవాటిని లాగేసి, దుప్పటి మధ్యలో పావడా కుచ్చిళ్లలా తయారైంది. నాలుగు నెలల పని. విప్పడానికి కూడా లేకుండా పోయింది. ఇప్పటికీ దాన్ని పారేయడానికి చేతులు రాక, మడిచి దేవుడి గది అటక మీద పెట్టుకున్నాను.

తేల్చడం కష్టమేమీ కాదు. ప్రతి రంగు నుంచి రెండంగుళాల పోగు కత్తిరించండి. సింకులో స్టీలు పళ్లెం పెట్టి, పోగును పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల వెలిగించండి. అసలు ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మంట త్వరగా ఆరిపోతుంది, మిగిలిన మసి వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. ఆక్రిలిక్ అయితే ప్లాస్టిక్‌లా కరిగి చివర నల్లటి గట్టి పూస కడుతుంది. నూలైతే కాగితం కాలిన వాసన. వెంట్రుకల వాసనా వచ్చి, పూసా కడితే రెండూ కలిపిన ఊలు. దాన్ని ఉన్ని లెక్కలోనే వేయండి. కాల్చిన వెంటనే ముట్టుకోకండి, కరిగిన ఆక్రిలిక్ చర్మానికి అంటుకుంటే బాగా కాలుతుంది. ఉన్ని ముక్కలు ఎన్ని తేలినా అవన్నీ పక్కన పెట్టండి. వాటితో మీ ఒళ్లో కప్పుకునే చిన్న దుప్పటి చేసుకోవచ్చు, దాన్ని చేత్తో చన్నీళ్లలో ఉతుక్కుంటారు. కెనడా వెళ్లే దాంట్లో మాత్రం ఒక్కటి కూడా పడొద్దు.

ఇప్పుడు కొలత తేడా సంగతి. మీరు పాలకొల్లు దగ్గర పుట్టడం ఇక్కడ ఎంత అక్కరకొస్తుందో చూడండి. నరసాపురం లేసు పనిలో పువ్వులూ ముక్కలూ అల్లేవాళ్లు వేరు, వాటిని కలిపి టేబుల్ క్లాత్‌గానో మంచం దుప్పటిగానో తీసుకొచ్చే అతుకుపని వాళ్లు వేరు. మీ ఊళ్లో మీరు ఇది చూసే ఉంటారు. పదిమంది పది ఇళ్లలో అల్లిన పువ్వులు అచ్చంగా ఒక్కలా ఉండవు. ఆ తేడాలన్నీ అతుకు దగ్గరే సర్దుకుంటాయి. చెన్నైలో 2016 జనవరి 31న 'మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్' బృందం 11,148.5 చదరపు మీటర్ల క్రోషే (కొక్కెం సూదితో అల్లే) దుప్పటి చేసి గిన్నిస్ రికార్డు సాధించింది. ఎన్ని చేతులు, ఎన్ని రకాల బిగువు అందులో కలిసి ఉంటాయో ఆలోచించండి. మీవి ఒక్క చేతి ముక్కలే. మీరు చేయాల్సింది అతుకుపని, అంతే.

అది ఇలా. ముక్కల్ని కొలతను బట్టి మూడు దొంతర్లు చేయండి: అయిదున్నర, ఆరు, ఏడు. పెద్దవాటి కొలతే అన్నిటికీ కొలత. చిన్నవాటి చుట్టూ లేసు సూదితో, అంటే ఊలుకు సరిపోయే 4 మిల్లీమీటర్ల క్రోషే సూదితో, ఒకే రంగు ఊలుతో (ఏ రంగో తర్వాత చెబుతాను) సింగిల్ క్రోషే, అంటే పొట్టి కుట్టు, అంచు వేయండి. మామూలు ఊలుతో ఒక చుట్టు సుమారు పావు అంగుళం వస్తుంది. అయిదున్నర ముక్కకు మూడు చుట్లు వేస్తే పక్కకు ముప్పావు అంగుళం చొప్పున పెరిగి ఏడవుతుంది. ఆరు అంగుళాల దానికి రెండు చుట్లు చాలు. ఏడు అంగుళాలవి అలాగే ఉంచేయండి. అన్నీ ఏడుకు వచ్చాక, అన్నిటికీ అదే రంగుతో ఇంకొక్క చుట్టు. ఇది కలపడానికి. దీంతో ప్రతి ముక్క ఏడున్నర అంగుళాలకు వస్తుంది. కొన్ని ముక్కలకు వెడల్పు చట్రం, కొన్నిటికి సన్న చట్రం ఉండటం చూడటానికి లోపంలా అనిపించదు. కావాలని అలా వేసినట్టే ఉంటుంది.

చుట్టు వేసేటప్పుడు మూల కుట్టులో ప్రతిసారీ మూడు కుట్లు పడాలి. లేకపోతే ముక్క గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంది. పక్కల్లో మరీ ఎక్కువ కుట్లు పడితే అంచు అలలు అలలుగా లేస్తుంది. చివరి చుట్టు అయ్యేసరికి ఒక్కో పక్కన 30 కుట్లు ఉండాలని నా లెక్క. మీ చేతికి 29 వచ్చినా 32 వచ్చినా పరవాలేదు, కానీ అన్ని ముక్కలకూ నాలుగు పక్కలా అదే అంకె ఉండాలి. అప్పుడు కలిపేటప్పుడు కుట్టుకు కుట్టు ఎదురుగా వచ్చి నిలబడుతుంది, లాగి సర్దే బాధ ఉండదు.

మొత్తం ఎన్ని కావాలి? అడ్డంగా 8, నిలువుగా 11 పెడితే 88 ముక్కలు. వెడల్పు 60 అంగుళాలు, పొడవు 82 పైచిలుకు. అంటే అయిదడుగుల వెడల్పు, దాదాపు ఏడడుగుల పొడవు. పెద్దవాళ్లు ఒకరు కాళ్లు చాచుకుని నిండా కప్పుకోవచ్చు. మీ దగ్గర 58 ఉన్నాయి. ఉన్ని ముక్కలు ఏవీ తేలకపోతే అల్లాల్సినవి 30 మాత్రమే. తేలితే, తేలినన్ని ఎక్కువ అల్లాలి.

ఆ కొత్తవాటిని 32 కుట్ల పద్ధతిలో అల్లకండి. మూల నుంచి మూలకు అల్లండి. సూది మీద రెండే కుట్లతో మొదలుపెట్టి, ప్రతి వరసలోనూ మొదటి కుట్టును ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి అల్లి ఒక కుట్టు పెంచుకుంటూ పోండి. అన్ని వరసలూ నిట్టే (మామూలు కుట్టు), పర్ల్ (తిరగ కుట్టు) అక్కర్లేదు. త్రికోణం పెరుగుతూ వస్తుంది. దాని పక్క అంచు స్కేలు మీద ఏడంగుళాలు చూపించగానే పెంచడం ఆపి, ప్రతి వరస మొదట్లో రెండు కుట్లు కలిపి ఒకటిగా అల్లుతూ తగ్గించండి. ఒక్క కుట్టు మిగిలేసరికి చదరం పూర్తవుతుంది. ఊలు సన్నమో లావో మీకు పట్టింపు లేదు, స్కేలు చెప్పినప్పుడు తగ్గించడమే. మరీ సన్నగా ఉన్న పాపాయి ఊలైతే రెండు పోగులు కలిపి అల్లండి.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. మధ్యగీతకు, అంటే పెంచడం ఆపే చోటుకు, వచ్చేసరికి ముక్కకు పట్టే ఊలులో సరిగ్గా సగం ఖర్చవుతుంది. వంటింటి త్రాసు మీద ఉండను మొదట్లో ఒకసారి, మధ్యగీత దగ్గర ఒకసారి తూచండి. మిగిలింది వాడినదానికంటే తక్కువ ఉంటే రెండో సగానికి చాలదని అప్పుడే తెలిసిపోతుంది. అక్కడే రంగు మార్చేయండి. రెండు రంగుల త్రికోణాలు కలిసిన ముక్క వస్తుంది. ఆ మిగిలిన చిన్న ఉండ ఇంకో ముక్కలో ఒక మూలకు పనికొస్తుంది. అయిదారు గ్రాముల తునకలు కూడా ఇలా వృథా కాకుండా పోతాయి. నా లెక్కన ఏడంగుళాల ముక్కకు 14, 15 గ్రాములు పడుతుంది. మీ చేతి బిగువుకు ఎంతో మొదటి ముక్క తూచి చూసుకోండి.

పోగుల చివర్లు అల్లుతున్నప్పుడే వెనక వైపు ఏడెనిమిది కుట్ల మేర కుట్ల కిందుగా పట్టుకుంటూ అల్లేయండి. ఆరంగుళాల కొస వదలండి, పిసినారితనం వద్దు. 88 ముక్కలకు చివర్లు తర్వాత చూద్దాంలే అని వదిలేస్తే దుప్పటి అయిపోయాక రెండు వందల దాకా కొసలు వేలాడుతూ మిమ్మల్నే చూస్తుంటాయి. చాలామంది దుప్పట్లు ఆగిపోయేది అక్కడే.

రంగు గురించి అడిగారు. మిగులు ఊలు దుప్పటి అంటే కొత్త ఊలు అసలు కొనకూడదని చాలామంది పట్టుదలగా ఉంటారు. నేను ఒప్పుకోను. వంద రంగులు ఒక చోట నిలవాలంటే వాటి మధ్య ఒక రంగు మారకుండా ఉండాలి, అది మిగులులో దొరకదు. చట్రాలకు, అతుకులకు, బయట అంచుకు కలిపి సుమారు 800 గ్రాములు, ఒకేసారి, ఒకే లాట్ నంబరు ఉన్న ఉండలు చూసి కొనండి. లేబుల్ మీద ఆ నంబరు ఉంటుంది. నంబరు మారితే అదే రంగు కూడా కాస్త తేడాగా వస్తుంది, పక్కపక్కన పెడితే కనిపిస్తుంది. ఆ 800 గ్రాములు కూడా ఆక్రిలిక్కే అయి ఉండాలి.

ఏ రంగు అంటే, మీ పెట్టెలో ఏది ఎక్కువ ఉందో దాన్ని బట్టి. ముక్కలన్నీ పరిచి ఫోన్‌లో ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. ముక్కలు ఎక్కువగా ముదురుగా కనిపిస్తే లేత రంగుతో కలపండి, లేతగా కనిపిస్తే ముదురుతో. స్వెటర్ల నుంచి మిగిలినవంటే మెరూన్, బాటిల్ గ్రీన్, నేవీ బ్లూ ఎక్కువ ఉండి ఉంటాయని నా ఊహ. అదే నిజమైతే లేత బూడిద రంగు తీసుకోమంటాను. మీగడ రంగు ఇంకా అందంగా ఉంటుంది, కాదనను. కానీ ముదురు మెరూన్ ఒక్కటి రంగు వదిలినా మీగడ మొత్తం పాడవుతుంది. నలుపు వద్దు. రాత్రిపూట ట్యూబ్‌లైట్ కింద మన వయసులో నల్ల ఊలు మీద కుట్లు కనపడవు, కళ్లు లాగేస్తాయి. ఏ రంగు కొన్నా సరే, ముదురు ఊలు ఒక్కోదాన్నీ తడిపి తెల్ల గుడ్డలో గట్టిగా చుట్టి రాత్రంతా ఉంచండి. గుడ్డకు మరక అంటితే ఆ రంగును పక్కన పెట్టేయండి.

మీవారి స్వెటర్ సంగతి. ముందు దాన్ని తిరగేసి పక్క కుట్టు చూడండి. చేత్తో అల్లినదైతే, లేదా మెషీన్ మీద అల్లినా ఒక్కో భాగం అంచు శుభ్రంగా ముగిసి ఉంటే హాయిగా విప్పొచ్చు. గుడ్డలా కత్తిరించి ఓవర్‌లాక్ కొట్టినదైతే వదిలేయండి. విప్పితే వరసకొక తెగిన పోగు వస్తుంది, ఆ ముక్కలతో ఏమీ చేయలేం. విప్పడానికి వచ్చేదైతే ముందు పక్క కుట్లు ఊడదీసి, పైనుంచి కిందికి లాగుతూ ఆ ఊలును కుర్చీ వీపుకి చుట్టండి. చుట్టడం అయ్యాక నాలుగు చోట్ల వదులుగా వేరే దారంతో కట్టి, కుర్చీ నుంచి తీయండి. అప్పుడది నూడుల్స్‌లా వంకర్లు తిరిగి ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టి, పిండకుండా టవల్లో అద్ది, నీడలో కొక్కేనికి వేలాడదీయండి. కింద చిన్న చెంబు కడితే ఆ బరువుకి వంకర్లు చాలావరకు పోతాయి. ఆరాక ఉండ చుట్టుకోవచ్చు. దీనికీ అగ్గిపుల్ల పరీక్ష తప్పదు. అది ఆక్రిలిక్ అయితే దుప్పటిలో సరిగ్గా నడిమధ్య పెట్టండి, మీ అమ్మాయి చూడగానే గుర్తుపడుతుంది. ఆయన కూడా ఇంకెవరికైనా ఇచ్చెయ్ అనరేమో.

కలిపే వరస ముఖ్యం. ఒక్కొక్క ముక్కనూ దుప్పటికి అంటిస్తూ పోవద్దు. మే నెలలో సికింద్రాబాద్ ఎండలో కిలోన్నర ఊలు ఒళ్లో పెట్టుకుని ఎవరూ కూర్చోలేరు. ముందు 11 ముక్కలు ఒక పట్టీగా కలపండి. ఏడున్నర అంగుళాల వెడల్పు పట్టీ కాబట్టి ఒళ్లో భారం ఉండదు. అలా ఎనిమిది పట్టీలు. వానలు పడి కాస్త చల్లబడ్డాక, ఆగస్టు చివర్లో, పట్టీని పట్టీకి కలపండి. పొడవాటి అతుకులు ఏడే. పట్టీలు కట్టే ముందు ముక్కలన్నీ నేల మీద ఒకసారి పరిచి, లావు ఊలు ముక్కలు ఒకే మూలకు చేరకుండా చెదరగొట్టండి. అవన్నీ ఒక పక్కకు పడితే దుప్పటి ఆ పక్కకు బరువెక్కి సాగుతుంది. ఎలా పరిచారో ఫొటో తీసి ఉంచుకోండి, ఇల్లు ఊడవడానికి పనమ్మాయి వచ్చేసరికి అన్నీ ఎత్తేయాలి కదా. ప్రతి ముక్క వెనకా వరస నంబరు రాసిన చీటీ పిన్నుతో గుచ్చితే ఇంకా మంచిది.

ఇస్త్రీ పెట్టె మాత్రం దగ్గరికి రానీయకండి. ఆక్రిలిక్ మీద వేడి పెట్టె ఆనిందంటే పోగు చప్పబడి, మెరుపెక్కి, జీవం పోతుంది. ముక్క వంకరగా ఉందనిపిస్తే తడిపి, పాత పరుపు మీద ఏడంగుళాలకు పిన్నులు గుచ్చి ఆరనివ్వండి, చాలు. బయట అంచు మూడు నాలుగు చుట్లు క్రోషే వేయండి, అంతకంటే హంగు అవసరం లేదు. కుచ్చులు అడగొద్దని నా మాట. డ్రయ్యర్‌లో అవి చిక్కులు పడిపోతాయి.

మీ చేతి వేగానికి రోజుకు రెండు గంటలు కూర్చున్నా అక్టోబరుకు ముందే అయిపోతుంది. దుప్పటి రెండు కిలోలకు కాస్త అటూ ఇటూ తూగుతుంది, సూట్‌కేసులో ఆ జాగా ముందే ఉంచుకోండి. దాంతో పాటు ఆ బూడిద రంగు ఊలు ఒక 30 గ్రాములు, క్రోషే సూది ఒకటి చిన్న సంచీలో వేసి అమ్మాయికి ఇవ్వండి. ఎప్పుడైనా గాజుకో జిప్పుకో తగిలి ఎక్కడో ఒక కుట్టు ఊడుతుంది. వెళ్లినప్పుడు ఆ కుట్టు ఎలా వేయాలో పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి చూపించి రండి.